నాలుగో అరలోని డిస్కు

మంగళవారం పొద్దున పది దాటి పది నిమిషాలకు, ధర్మవరంలో గంగాధరప్ప డిజైన్ల అంగడి లోపలి గది నుంచి కీచుమని మోత మొదలైంది. ముందు గదిలో నలుగురు డిజైనర్లు కంప్యూటర్ల మీద నెమళ్ళకు తోకలు, హంసలకు ముక్కులు దిద్దుకుంటున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. ఎవరి సెల్‌ఫోనో అనుకున్నారు. కంప్యూటర్ల బాగోగులు చూసుకునే యమున మాత్రం కుర్చీ వెనక్కి తోసి లేచింది. ఆ మోత ఎట్లా ఉంటుందో మూడేళ్ళ కిందట ఆ గదిలో డిస్కుల పెట్టె పెట్టిన రోజున కంప్యూటర్ల మెకానిక్కు గిరిధర్ ఒకసారి వినిపించాడు. మళ్ళీ వినబడకుండా ఉంటే నీ అదృష్టం అని కూడా అన్నాడు.

అది ఆరు డిస్కుల పెట్టె. ఇరవై ఏళ్ళుగా ఆ అంగడిలో గీసిన చీరల డిజైన్లు, అంచులూ కొంగులూ బుటాలూ కలిపి పందొమ్మిది వేల పైచిలుకు, అందులో ఉన్నాయి. ఏ డిజైనూ ఒక్క డిస్కులోనే ఉండదు. ముక్కలై ఆరింటిలోనూ పరుచుకుని ఉంటుంది. ఒక ముక్క పోతే మిగతా ముక్కల నుంచి లెక్కగట్టి మళ్ళీ పుట్టించుకునే ఏర్పాటు ఉంది. ఒక డిస్కు చచ్చినా పని సాగుతుంది. రెండు చచ్చినా కుంటుతూ సాగుతుంది. మూడోది చస్తే ఇరవై ఏళ్ళూ గల్లంతు. ఈ సంగతి అంగడిలో యమునకు తప్ప ఇంకెవరికీ పట్టలేదు. నేర్చుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. గిరిధర్ పెట్టెను కూరుస్తుంటే పక్కన నిలబడి ప్రశ్నలతో అతని ప్రాణం తీసి నేర్చుకుంది.

తెర మీద ఎర్ర అక్షరాల్లో చచ్చిన డిస్కు నంబరు కనిపించింది. చివర 4419. గోడకు యమున చేతిరాతతోనే ఒక పట్టీ అంటించి ఉంది. ఏ నంబరు డిస్కు ఏ అరలో ఉందో అందులో రాసి ఉంది. 4419, నాలుగో అర. ఆమె నాలుగో అర గడియ నొక్కి డిస్కును బయటికి లాగింది.

మోత ఆగలేదు సరికదా, రెట్టింపయింది.

చేతిలో ఉన్న డిస్కును తిప్పి చూసింది. దాని మీది నంబరు చివర 7082. బొటనవేలికి ఎర్రగా ఏదో అంటుకుంది. అది చూసుకునే స్థితిలో లేదు, చున్నీకి తుడుచుకుంది. చచ్చిన డిస్కు ఎక్కడో పెట్టె లోపలే ఉంది, బతికున్న డిస్కు తన చేతిలో ఉంది. వెనక్కి దూర్చింది కానీ పెట్టె దాన్ని కలుపుకోలేదు. ఒకసారి బయటికి పోయినదాన్ని ఆదేశం లేకుండా నమ్మదది.

యమున ముందు గదిలోకి వచ్చింది. గంగాధరప్ప మెత్త మీద కూర్చుని చీర మడత విప్పించి చూస్తున్నాడు. ఆమె ఆయన ఎదురుగా నిలబడి, "సావుకారీ, ఈడ నా చేయి తప్పింది," అంది.

ఆ మాటకు ఆ అంగడిలో ఒక విలువ ఉంది. నేసిన చీర తెచ్చి విప్పినప్పుడు, ఎవరూ అడగకముందే నేతగాడు తప్పు పడిన చోట వేలు పెట్టి ఆ మాట అనాలి. అంటే గంగాధరప్ప పల్లెత్తు మాట అనడు, చీర మడిచి పక్కన పెట్టి ఇంకో చీర నేయడానికి మళ్ళీ పడుగు ఇస్తాడు. దాచిపెట్టి, తర్వాత దొరికిపోతే ఆ మనిషికి మళ్ళీ పడుగు ఉండదు. నలభై ఏళ్ళుగా ఇదే పద్ధతి. యమున నాయన పుల్లన్న కూడా ఆ మెత్త ముందు రెండుసార్లు వేలు పెట్టినవాడే.

గంగాధరప్ప చీర మడతల్లోకి తల దించుకున్నాడు. మాట అన్నది లక్ష్మీకాంత్. ఆయన మేనల్లుడు, అంగడి పెత్తనమంతా అతనిదే.

"చేయి తప్పడమేంది? రాసింది నువ్వు, చదివింది నువ్వు, పీకింది నువ్వు. చచ్చిందేదో బతికిందేదో తెలీకుండానే చేయి పెడితివా?"

"పట్టీలో నాలుగని ఉండాది సార్. ఎట్ల మారిందో తెలీలేదు."

"డిస్కులు వాటంతట అవే లేచి తిరుగుతాయా?" అన్నాడు లక్ష్మీకాంత్. డిజైనర్లు నవ్వారు. "ఇంక దాని మీద చేయి పెట్టొద్దు. బాగైన దాకా ఉండు, బాగైనాక గది తాళం ఇచ్చేసి ఇంటికాడ కూచో. శుక్రవారం నుంచి కనగానపల్లి పిల్లొకతె వస్తాది."

యమున గంగాధరప్ప వైపు చూసింది. పద్ధతి ఆయనది కదా, ఇప్పుడైనా ఒక మాట అంటాడని చూసింది. ఆయన చీర మడతల్లోంచి తల ఎత్తలేదు.

గిరిధర్‌కు ఫోన్ చేస్తే, అతను పెనుకొండలో ఇంట్లో మంచం మీద ఉన్నాడు. స్కూటర్ మీద నుంచి పడి కాలికి కట్టు. "నేను కదల్లేను యమునా. హిందూపురంలో డిస్కులమ్మే అంగడికి చెప్తా. రేపు పోయి కొత్తది తీసుకో, వచ్చేటప్పుడు నాకాడ దిగు. పరీక్ష చేయకుండా కొత్త డిస్కును పెట్టెలో పెట్టేది లేదు."

"నన్ను ముట్టొద్దన్నారన్నా."

"అయితే ఎవురు చేస్తారు? మీ లక్ష్మీకాంతా? ఫోన్ ఆయప్పకియ్యి."

లక్ష్మీకాంత్ ఫోన్ తీసుకోలేదు. అప్పుడు మాత్రం గంగాధరప్ప నోరు విప్పాడు. "యమునే పోనీ," అన్నాడు, గోడకేసి చూస్తూ.

బుధవారం పొద్దున రైల్లో హిందూపురం పోయింది యమున. డిస్కుల అంగడిలో ఉన్నది ఒకే ఒకటి. అంగడాయన అట్టపెట్టె చేతికిస్తూ, "జాగ్రత్త పాపా, కింద పడితే మళ్ళా బెంగళూరు నుంచే రావల్ల," అన్నాడు. ఆమె దాన్ని నాయన తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తిరుగు రైలెక్కింది. పక్కన పరిగి నుంచి వచ్చిన అవ్వ ఒకతె చిక్కుడుకాయల గంపతో కూర్చుంది. కొంతసేపు తువ్వాలు వంకే చూసింది.

"ఏముండాది పాపా అందులో, దేవుడా?"

"చీరలవ్వా. పందొమ్మిది వేల చీరలు పట్టాల ఇందులో."

అవ్వ ఆమె ముఖం ఒకసారి, తువ్వాలు ఒకసారి చూసి, గంప కొంచెం అవతలికి జరుపుకుంది. యమునకు నవ్వొచ్చింది. నిన్నటి నుంచి మొదటిసారి నవ్వింది. భయపడాల్సిన సమయంలో తనకు ఇంత హుషారు ఎక్కడిదో ఆమెకే అర్థం కాలేదు. శుక్రవారం నుంచి కొలువు లేదు, నిజమే. కానీ ఆ పెట్టెను తన చేత్తో బతికించబోతోంది.

పెనుకొండలో గిరిధర్ మంచం మీదే కంప్యూటరు పెట్టుకుని డిస్కు తగిలించాడు. పరీక్ష జరుగుతుండగా అడిగాడు.

"చచ్చిందాన్ని ఎట్ల కనుక్కుంటావు ఈసారి?"

"పట్టీని నమ్మేది లేదు."

"మరి?"

ఆమె ఆలోచించింది. "పెట్టె మొత్తాన్ని ఒక్కసారి చదవమంటే బతికినవాటి దీపాలన్నీ కొట్టుకుంటాయి కదా. కొట్టుకోనిది చచ్చింది."

గిరిధర్ కళ్ళు మెరిశాయి. "ఇదే నిన్న చేసుంటే?"

"చేసుంటే ఈ తిప్పలు లేవన్నా. నేను రాసిన కాగితం కదా అని నమ్మినా." ఆమె ముఖం ఎర్రబడింది. ఆ తప్పు తనదే, దాన్ని ఎవరి మీదికీ నెట్టేందుకు లేదు.

"సరే, అది నీది. అరలు మారింది మాత్రం నీది కాదు. పెట్టె ఆపి, అన్నీ తీసి, ఎట్లంటే అట్ల పెట్టినా అది నంబర్లు చూసుకుని మామూలుగానే లేస్తాది. ఎవురికీ తెలీదు, ఒకటి చచ్చిన దాకా. ఎవరో తీసినారు యమునా. ఎప్పుడు తీసినారో చూసుకో."

ఆ సాయంత్రం ధర్మవరం చేరేసరికి గంగాధరప్ప దీపం పెట్టి మెయిన్ స్విచ్చి ఆపేస్తున్నాడు. పట్టు నిలవ ఉన్నచోట రాత్రి కరెంటు ఉండకూడదని ఆయన పట్టు. మంగళవారం రాత్రీ ఆపాడు. బుధవారం పొద్దున ఆరో అరలోని డిస్కు గురగురమని మూడుసార్లు మొరాయించి గానీ తిరగలేదని డిజైనర్లు చెప్పారు. ఆ మాట విన్నాక యమునకు రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. మూడోది పోవడమంటే ఇట్లాగే మొదలవుతుంది.

గురువారం ఎనిమిదికే వచ్చింది. ఆరో డిస్కు ఈసారి ఐదోసారికి తిరిగింది. ఇంకో రాత్రి ఆపితే ఇక లేవదని ఆమెకు తెలిసిపోయింది. ఏదైనా ఇవాళే కావాలి.

గిరిధర్‌కు ఫోన్ కలిపి చెవిలో పెట్టుకుని, పెట్టెను మొత్తం చదవమంది. మొదటి అర నుంచి చివరిదాకా ఒక్కో దీపాన్నే వేలితో చూపిస్తూ పైకి చదివింది. ఒకటి కొట్టుకుంటోంది. మూడు, ఐదు, ఆరు కొట్టుకుంటున్నాయి. నాలుగు, తను లాగి పెట్టింది, వెలిగి ఊరికే ఉంది. రెండులో అసలు వెలుగే లేదు.

"రెండన్నా."

"ఇంకోసారి చూడు."

ఇంకోసారి చూసింది. మరోసారి కూడా చూసింది. తర్వాత రెండో అర గడియ నొక్కి లాగింది. చివర 4419. మంగళవారం వెతికింది ఇదే. గండం సగం గడిచినట్టనిపించింది. అప్పుడు కనిపించింది డిస్కు పక్కన, లోపలికి తోస్తే ఎవరికీ కనబడని చోట, ఎండిపోయిన గంధం మీద గుండ్రంగా కుంకుమ బొట్టు.

బొటనవేలి ఎరుపు గుర్తొచ్చింది. గబుక్కున నాలుగో అరలోది తీసి చూసింది. దాని మీదా బొట్టే, మంగళవారం ఆమె వేలు తగిలి ఒక పక్క చెదిరిన బొట్టు.

ఆయుధ పూజ. ఆ రోజు ఇంట్లో మగ్గానికి పూజ అని యమున సెలవు పెట్టింది. ముందురోజే పెట్టెను పద్ధతిగా ఆపి పోయింది. ఇక్కడ ఎవరో డిస్కులన్నీ ఊడదీసి, తుడిచి, పళ్ళెంలో పేర్చి, బొట్లు పెట్టి, చేతికొచ్చిన వరసలో మళ్ళీ దూర్చేశారు. గంధం మీద కుంకుమ అంత కుదురుగా అద్దే చేయి ఆ అంగడిలో ఒక్కటే.

వెనక అలికిడైంది. తలుపు దగ్గర గంగాధరప్ప నిలబడి ఉన్నాడు. ఆయన చూపు ఆమె చేతిలోని బొట్టు మీద ఉంది. ఆమె చూసిందని ఆయనకు తెలుసు. ఆయన చూశాడని ఆమెకూ తెలుసు. పెద్దాయన భుజం మీది తువ్వాలు సర్దుకుని వెనుదిరిగి వెళ్ళిపోయాడు.

యమునకు ఒళ్ళు మండింది. మంగళవారమే ఈయనకు అర్థమై ఉండాలి. అరలు మారాయన్న మాట వినగానే అర్థమై ఉండాలి. అందుకే తల ఎత్తలేదు.

"ఏమైంది, పలకవేం?" అన్నాడు ఫోన్‌లో గిరిధర్. ఆమె గొంతు తగ్గించి చెప్పింది.

"పోయి అడుగు."

"ముందు పెట్టె అన్నా. ఆరోది నాకోసం ఆగదు."

కొత్త డిస్కు రెండో అరలోకి టక్కుమని కూర్చుంది. నాలుగోదాన్ని వెనక్కి తోసి, రెంటినీ కలుపుకోమని ఆదేశం ఇచ్చింది. తెర మీద అంకె పుట్టింది. సున్నా దశాంశం ఒకటి. బతికున్న నాలుగు డిస్కులు తమ ముక్కలన్నీ చదివి, లెక్కగట్టి, ఈ రెండింటినీ నింపాలి. ఇక చూస్తూ ఉండటమే అనుకుంది.

తొమ్మిదిన్నరకు డిజైనర్లు పనిలో కూర్చోగానే అంకె ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. ఒక్కో డిజైను తెరవడానికి ఐదు నిమిషాలు. అడిగిన ప్రతి ముక్కనూ పెట్టె లెక్కగట్టి ఇవ్వాలి, మధ్యలో నింపుడు పని. రెండు పనులకూ ఉన్నవి ఆ నాలుగు డిస్కులే. మిగిలిన సమయం అన్నచోట ముప్పై ఒక్క గంటలని చూపిస్తోంది. ఆరో డిస్కు చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నించిన లెక్క పన్నెండుకు చేరింది.

లక్ష్మీకాంత్ విసురుగా వచ్చాడు. "ఏం చేస్తాండావు? ఒక్క డిజైనూ తెరుచుకోవడం లేదు. అట్టలు కొట్టకపోతే మగ్గాలు నిలిచిపోతాయి. ఆ నింపేది ఆపు. రాత్రికి చూసుకుందాం."

"రాత్రి కరెంటు ఉండదు కదా సార్. ఆపితే ఆరోది మళ్ళా లేవదు. అది పోతే అన్నీ పోతాయి."

"మగ్గాలు నిలిస్తే ఎవురు జవాబు చెప్తారు?"

యమున తెర వైపు తిరిగింది. మగ్గాలు, పందొమ్మిది వేల డిజైన్లు. ఉన్నట్టుండి ఆమె చేతులు నిలిచిపోయాయి. ఇంట్లో నాయన మగ్గం కళ్ళముందు కదిలింది. నెల రోజులుగా ఆ మగ్గం మీద ఉన్నది ఒకే చీర. దానికి కావలసింది ఒకే డిజైను.

పరుగున పెరట్లోకి పోయింది. అక్కడ కుళ్ళాయప్ప, మగ్గానికి డిజైను చెప్పే జకార్డు అట్టలకు చిల్లులు కొడుతున్నాడు. ఎవరి మగ్గం మీద ఏముందో ఆయనకు కాగితం అక్కర్లేదు.

"ఏమప్పా, ఇప్పుడు ఎన్ని మగ్గాలు ఆడతాండాయి?"

"ముప్పై నాలుగు. ఎందుకు పాపా?"

"వాటి మీద ఏమేం డిజైన్లున్నాయో చెప్పు. బిరబిరా చెప్పు."

కుళ్ళాయప్ప చిల్లుల మర పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని వీధుల వరసన చెప్పుకుపోయాడు. యమున అరచేతి మీద రాసుకుంది. అరచేయి చాలక మోచేతి దాకా రాసుకుంది. లోపలికొచ్చి ఆ ముప్పై నాలుగూ, డిజైనర్లు గీస్తున్న ఇంకో తొమ్మిదీ పెట్టె నుంచి వాళ్ళ వాళ్ళ కంప్యూటర్లలోకి దింపింది. అంతా ఇరవై నిమిషాలు. తర్వాత పెట్టె నుంచి ముందు గదికి పోయే వైరును ఊడదీసి చేత్తో పట్టుకుని నిలబడింది.

"ఇంక ఎవరి పని వాళ్ళ దగ్గరుండాది. సాయంత్రం దాకా పెట్టెను ఎవరూ ఏమీ అడగొద్దు."

డిజైనర్లు ప్రయత్నించి చూశారు. నెమళ్ళు టక్కున తెరుచుకున్నాయి, ఎప్పటికంటే జోరుగా. లక్ష్మీకాంత్ మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. ఫోన్‌లో గిరిధర్ అడిగాడు. "నింపే వేగానికి నేను పెట్టిన హద్దు తీసేయమందామనుకుంటాండా. తీసేస్తావా?"

"తీసేసినా అన్నా, ఇప్పుడే."

అంకె పరుగందుకుంది. ముప్పై ఒక్క గంటలు పడిపోయి ఏడున్నర దగ్గర నిలిచింది. పదకొండుకు పద్దెనిమిది శాతం. పన్నెండున్నరకు ముప్పై ఎనిమిది. అమ్మ కట్టిచ్చిన సద్ది మూత కూడా తీయలేదు యమున. ఆకలి కాలేదు, కుర్చీలో కూర్చోబుద్ధీ కాలేదు. కుళ్ళాయప్ప పని మధ్యలో వచ్చి తలుపు దగ్గర నుంచి "ఎంతైంది?" అని అడిగి పోతున్నాడు. ఒంటిగంటయ్యేసరికి డిజైనర్లూ అడగడం మొదలుపెట్టారు. ఒకడు యాభైకి కేక పెట్టబోయి, లక్ష్మీకాంత్ ముఖం చూసి ఆపుకున్నాడు.

డెబ్బై ఒకటి దగ్గర అంకె ఆగింది.

ఆరో అరలోంచి గురగురమని వినిపించింది. ఒకసారి. రెండుసార్లు. ఆ ఒక్క ముక్క చదవలేకపోతోంది. చదవకపోతే ఆ ముక్కలో ఎవరి చీర ఉందో, ఏ కొంగు ఉందో, అది శాశ్వతంగా పోతుంది. మూడు. యమున పెట్టె మీద చేయి వేసింది, లోపలి అదురు తెలిసేలా. నాలుగు. ఫోన్‌లో గిరిధర్ ఊపిరి కూడా వినబడటం లేదు. ఐదోసారికి గరగర ఆగి, మామూలు చప్పుడు వచ్చింది. డెబ్బై ఒకటి దశాంశం ఒకటి.

"కదిలిందన్నా," అంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సిగ్గుపడకుండా తుడుచుకుంది.

ఆ తర్వాత ఆగలేదు. మిగిలిన గంటల్లో ఆమె ఒక తెల్లకాగితం తీసుకుని కొత్త పట్టీ రాసింది. శుక్రవారం వచ్చే పిల్ల తనలాగా కాగితాన్ని నమ్మి మోసపోకూడదు. డిస్కు నంబరు, అప్పుడున్న అర, ఇప్పుడున్న అర. కింద, దీపం చూడకుండా ఏదీ లాగొద్దని రాసింది. కలం ఒక నిమిషం గాలిలో ఆగింది. తర్వాత ఇంకో గడి గీసి, అరలు మారిన రోజు అని రాసి, దాని కింద ఆయుధ పూజ అని రాసింది. ఎవరి పేరూ రాయలేదు.

ఐదూ నలభైకి నూరు వచ్చింది. కీచుమోత లేకుండా, ఏ ఆర్భాటమూ లేకుండా ఆరు పచ్చ దీపాలు వరసగా నిలిచాయి. కుళ్ళాయప్ప చప్పట్లు కొట్టాడు. యమున ఒక పాత డిజైను తెరిచింది, ఇరవై ఏళ్ళ కిందటిది, ఆ అంగడిలో మొదటగా గీసింది. తెరుచుకుంది. అంచులో ఒక్క గడి కూడా చెదరలేదు. ఆమెకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

లక్ష్మీకాంత్ చేయి చాపాడు. "సరే. గట్టెక్కింది. తాళం ఇయ్యి."

యమున గది తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది. పాత పట్టీ చింపి కొత్తది గోడకు అంటించింది. లక్ష్మీకాంత్ అది చదువుతూ భృకుటి ముడిచాడు.

"అరలు మారిన రోజు, ఆయుధ పూజ. ఏంది ఇది? ఎవురు మార్చినారు?"

యమున పాత పట్టీ ముక్కలు ఏరుకుంది. తలుపు దగ్గరున్నవాళ్ళు పక్కకు జరిగారు. గంగాధరప్ప లోపలికొచ్చాడు. బల్ల మీదున్న చచ్చిన డిస్కును చేతిలోకి తీసుకుని, పక్కకు తిప్పి, ఎండిన బొట్టు మీద చూపుడువేలు పెట్టాడు.

"ఈడ నా చేయి తప్పింది," అన్నాడు.

కుళ్ళాయప్ప తల వంచుకున్నాడు. ఆ మాట ఆయన నలభై ఏళ్ళుగా ఆ అంగడిలో వింటున్నాడు. ఆ నోట ఎప్పుడూ వినలేదు.

"మామా, నువ్వు..." అన్నాడు లక్ష్మీకాంత్.

"ఊరుకో. అన్నీ నేనే తీసినా, నేనే పెట్టినా. మంగళవారమే తెలిసింది నాకు." పెద్దాయన యమున వైపు తిరిగాడు. "నీ చేయి తప్పిన గడియలోనే వచ్చి చెప్పినావు పాపా. నాకు నోరు వచ్చేదానికి మూడు దినాలు పట్టింది. మీ నాయనే ఇట్ల చేసుంటే పడుగు ఇచ్చేవాణ్ని కాదు."

బల్ల మీది తాళంచెవి తీసి ఆమె చేతిలో పెట్టాడు. "వచ్చే ఆయుధ పూజకు నేనడిగినా ఇది ఇయ్యొద్దు."

"మరి బొట్టు, సావుకారీ?"

"పెట్టె తలుపుకు పెడతాలే, బయట నుంచి."

డిజైనర్లు ఈసారి నవ్వితే యమునా నవ్వింది. మోచేతి దాకా రాసుకున్న డిజైన్ల పేర్లు చెమటకు అలుక్కుపోయి ఉన్నాయి. తాళంచెవిని చున్నీ కొసకు ముడేసుకుని, ఆరో అర ముందు కూర్చుని, హిందూపురం డిస్కుల అంగడికి ఫోన్ కలిపింది.

"అన్నా, ధర్మవరం నుంచి యమునను. నాకు ఇంకో డిస్కు కావల్ల. శనివారం నేనే వస్తా."